కోడిపందెం ఒక్కటే చెయ్యి, చాలు

గేమ్ చేద్దాం రండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఫిబ్రవరి నుంచి మే దాకా గుంటూరులో మా కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దిగే రోజులు. అక్కడ లెక్కలు రాసేదాన్ని కాబట్టి ఆ నాలుగు నెలలూ నాకు గేమూ లేదు, ఉత్తరాలూ లేవు. అందుకే కొన్ని ప్రశ్నలు పేరుకుపోయాయి. "ఏ కోర్సు చేస్తే గేమ్ కంపెనీలో ఉద్యోగం వస్తుంది" అన్నవాటిని మళ్లీ పక్కన పెట్టాను. ఈ శీర్షిక పగలు వేరే పని చేసుకుంటూ రాత్రి కాసేపు సరదాగా ఆటలు రాసుకునేవాళ్ల కోసం.

*

ప్రశ్న: అక్కా, పల్నాటి యుద్ధం మీద ఓపెన్ వరల్డ్ గేమ్ చేయాలని నా కల. గురజాల, మాచర్ల, కారంపూడి మూడూ మ్యాప్‌లో ఉండాలి. అరవై పేజీల కథ రాసుకున్నాను. ఇప్పటికి మెనూ స్క్రీన్ అయింది. నా ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామే ఉంది. యూనిటీ నేర్చుకోనా, అన్‌రియలా, గోడాటా?
– బీటెక్ మూడో ఏడు విద్యార్థి, గుంటూరు

మెనూలో 'ఆట మొదలు' నొక్కితే ఏమవుతుందో రాయలేదేం బాబూ? ఏమీ కాదు కదూ.

ఇంజిన్, అంటే గేమ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్, సంగతి ముందు తేల్చేస్తాను. నీ ల్యాప్‌టాప్‌కు గోడాట్. 4 జీబీతో అన్‌రియల్ మాట మర్చిపో, యూనిటీ తెరిచినా ఫ్యాన్ చప్పుడుకు ఇంట్లోవాళ్లు లేస్తారు. గోడాట్ అర్జెంటీనాలో పుట్టింది. 2014లో దాని సోర్స్ కోడ్ అందరికీ ఇచ్చేశారు. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి నీ గేమ్ అమ్ముకున్నా వాళ్లకు రూపాయి ఇవ్వక్కర్లేదు. ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు, జిప్ విప్పి తెరవడమే. కొత్త ప్రాజెక్ట్ మొదలుపెట్టేటప్పుడు 'కంపాటిబిలిటీ' రెండరర్ (తెర మీద బొమ్మలు గీసే పద్ధతి) ఎంచుకో, పాత గ్రాఫిక్స్ మీద కూడా నడుస్తుంది. యూనిటీ చెడ్డదని కాదు. 2023 సెప్టెంబరులో దానితో చేసిన గేమ్ ఇన్‌స్టాల్ అయినప్పుడల్లా ఇంత అని రుసుము పెడతామని ప్రకటించి, ఏడాది తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆ గొడవలో చాలామంది గోడాట్‌కు మారారు. నీ సమస్యకు మాత్రం ఇంజిన్‌తో సంబంధం లేదు.

నీ సమస్య అరవై పేజీలు. అందులోంచి ఒక్క పేజీ తీసుకో. యుద్ధానికి ముందు కోడిపందెం ఉంది కదా. బ్రహ్మనాయుడి పక్షం ఓడి, మాచర్ల వాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ పందెం ఒక్కటే చెయ్యి. ఒక తెర, రెండు కోళ్లు, మూడు బటన్లు: దూకు, తన్ను, వెనక్కి జరుగు. మొదట్లో కోడి బొమ్మలు కూడా గీయొద్దు. ఒక ఎర్ర చదరం, ఒక నల్ల చదరం చాలు. తన్ను తగలగానే రెండింటినీ సెకనులో పదోవంతు కదలకుండా ఆపి చూడు, దెబ్బకు బరువు వస్తుంది. చదరాలతోనే నీ రూమ్మేట్ "ఇంకోసారి" అంటే అప్పుడు ఈకలు గీద్దువుగాని.

కథలో ఆ కోడి ఓడిపోతుంది. మరి నీ ఆటలో ఆడేవాడు గెలిస్తే? ఏడేళ్ల వనవాసం లేదు, యుద్ధమూ లేదు. గెలవనిస్తావా, గెలవలేని పందెం అని తెలిసేలా చేస్తావా? నాకైతే నీ మూడు ఊళ్ల మ్యాప్ కంటే ఈ చిక్కే ఎక్కువ ఆసక్తిగా ఉంది. స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయం గేమ్‌ను ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేశాడని అందరూ నాకు ఉదాహరణ చూపిస్తారు. నిజమే, 2016లో వచ్చింది. కానీ అతను దాన్ని మొదలుపెట్టింది ఉద్యోగం వెతుక్కుంటూ, ప్రోగ్రామింగ్‌లో చేయి తిరగాలని.

*

ప్రశ్న: మేడమ్, నా కంప్యూటర్‌లో మామూలుగా నడిచే బొమ్మ మా ఫ్రెండ్ గేమింగ్ ల్యాప్‌టాప్‌లో పరుగెత్తుతోంది. వైరస్ ఉందంటారా?
– డిప్లొమా విద్యార్థి, విజయవాడ

వైరస్ కాదు. ఫ్రేముకు, అంటే తెర మీద బొమ్మ మారిన ప్రతిసారీ, 5 పిక్సెళ్లు జరుపుతున్నట్టున్నావు. నీ తెర సెకనుకు 60 ఫ్రేములు చూపిస్తే బొమ్మ 300 పిక్సెళ్లు నడుస్తుంది. అతనిది 144 ఫ్రేముల తెర అయితే 720. వేగాన్ని సెకనుకు 300 అని రాసి, ప్రతి ఫ్రేములోనూ డెల్టాతో గుణించు. పోయిన ఫ్రేముకూ ఈ ఫ్రేముకూ మధ్య గడిచిన కాలమే డెల్టా. గోడాట్‌లో బొమ్మను జరిపే 'మూవ్ అండ్ స్లైడ్' ఫంక్షన్ వాడుతుంటే మాత్రం దానికిచ్చే వెలాసిటీని గుణించకు. ఆ లెక్క అదే చూసుకుంటుంది.

*

ప్రశ్న: గేమ్‌లో డైలాగులు తెలుగులో పెట్టాం. 'లక్ష్మి' అని రాస్తే ఒత్తులు విడిపోయి, పొల్లులు వేలాడుతూ కనిపిస్తున్నాయి. నాలుగు ఫాంట్లు మార్చాం. తెలుగు వదిలేసి ఇంగ్లీషులో పెట్టుకోమని మా ప్రోగ్రామర్ అంటున్నాడు.
– గ్రాఫిక్ డిజైనర్, గవర్నర్‌పేట, విజయవాడ

వదలకండి. ఫాంట్ తప్పు కాదు, మీ ప్రోగ్రామర్ తప్పూ కాదు. 'లక్ష్మి' కంప్యూటర్ లోపల ఏడు ముక్కలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. వాటిని కలిపి రెండక్షరాలుగా పేర్చే పని ఎవరో ఒకరు చేయాలి. దీన్నే షేపింగ్ అంటారు. ఫోన్లలో, బ్రౌజర్లలో ఆ పని ఎక్కువగా హార్ఫ్‌బజ్ అనే ఉచిత లైబ్రరీ చేస్తుంది కాబట్టి మనకు తెలియదు. గేమ్ ఇంజిన్లు చాలావరకు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఒక్కో ముక్కకు ఒక్కో బొమ్మ తెర మీద పరిచేసి చేతులు దులుపుకుంటాయి. గోడాట్ 3 అంతే. 2023 మార్చిలో వచ్చిన గోడాట్ 4లో హార్ఫ్‌బజ్ ఉంది, తెలుగు సరిగ్గా పడుతుంది. యూనిటీలో ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్ ప్రో మన లిపులకు ఈ పని తనంతట తాను చేయదు. మీ గేమ్‌లో ఉన్నది పాతిక ముప్పై వాక్యాలే అయితే, వాటిని మీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే రాసి బొమ్మలుగా పెట్టేయడం తేలిక.

ఒత్తులు కుదిరాక ఇంకో చిక్కు ఉంటుంది. డైలాగును ఒక్కో అక్షరంగా టైపు అవుతున్నట్టు చూపిస్తారు కదా, అక్కడ. ముందు 'క' వస్తుంది, అది 'క్' అవుతుంది, ఆ తర్వాత 'క్ష'. చదివేవాడి కళ్ల ముందు అక్షరాలు వేషాలు మారుస్తుంటాయి. గోడాట్ లేబుల్‌లో విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అని ఒక సెట్టింగు ఉంది. దాన్ని 'ఆఫ్టర్ షేపింగ్'కు మార్చండి.

మీరు డిజైనర్ కాబట్టి ఇది చెప్పక్కర్లేదేమో కానీ, ఇంగ్లీషు డైలాగు పెట్టె కొలతల్లో తెలుగు పట్టదు. పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి, వరుసల మధ్య జాగా పెంచండి. 8 పిక్సెళ్ల పాతకాలపు అక్షరాల మోజు తెలుగుకు వద్దు. డీటీపీ షాపుల్లో పెళ్లి కార్డులకు వాడే పాత ఫాంట్లు చాలావరకు యూనికోడ్ కావు, అవి పనికిరావు. నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర, సూరన్న, ధూర్జటి ఇవన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌లో దొరుకుతాయి, గేమ్‌లో కలిపి ఇచ్చేయొచ్చు. ధూర్జటిని శీర్షికకు మాత్రమే వాడండి.

డైలాగులు రాసేవాళ్లకు కూడా ఒక మాట చెప్పండి. "నీవు పరాజయం పొందితివి" అని ఈమధ్య ఒక గేమ్‌లో చూశాను. "ఓడిపోయావ్, మళ్లీ ఆడతావా?" అంటే సరిపోదా?

*

ప్రశ్న: మా హీరో అభిమానుల కోసం గేమ్ చేస్తున్నాం. సినిమా పాట, హీరో ఫొటో పెట్టొచ్చా? మేం డబ్బులేం తీసుకోవడం లేదు.
– పటమట కుర్రాళ్లు

పెట్టొద్దు. పాట మీద హక్కు మ్యూజిక్ కంపెనీది, ముఖం హీరోది, ఉచితంగా పంచినంత మాత్రాన మీది అయిపోదు. కెన్నీ అనే డచ్ డెవలపర్ వేల బొమ్మలు, చప్పుళ్లు సీసీ జీరో అనే లైసెన్స్ కింద ఇచ్చేశాడు, పేరు కూడా వేయక్కర్లేదు. ఓపెన్‌గేమ్‌ఆర్ట్ అనే సైట్‌లో ఒక్కో బొమ్మకు ఒక్కో లైసెన్స్ ఉంటుంది. సీసీ బై అని ఉంటే గీసినవాళ్ల పేరు వేసి తీరాలి. జనం చప్పుడు కావాలా? సాయంత్రం ఏడింటికి బీసెంట్ రోడ్డులో ఫోన్ రికార్డర్ ఆన్ చేసి నిలబడండి, ఏ లైబ్రరీలోనూ అలాంటిది దొరకదు.

*

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడు. రాత్రి రెండింటి దాకా కంప్యూటర్ ముందే. "ఆడటం లేదమ్మా, గేమ్ తయారుచేస్తున్నా" అంటాడు. నిజమేనా, నన్ను మభ్యపెడుతున్నాడా? ఎంసెట్ దగ్గర పడుతోంది, టెన్షన్‌తో నాకూ నిద్ర లేదు.
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

తేల్చుకోవడం తేలికే అమ్మా. "చేసింది ఏదీ, నన్ను ఆడనివ్వు" అనండి. ఎంత చిన్నదైనా సరే, ఇంకా పూర్తి కాకపోయినా సరే. నిజంగా చేస్తుంటే ముందు సిగ్గుపడతాడు, తర్వాత ఇస్తాడు. మీరు ఓడిపోతే "అక్కడ కాదమ్మా, ఇక్కడ నొక్కాలి" అని పక్కనే గింజుకుంటాడు. ఊరికే ఆడుకునే పిల్లాడికి అంత గింజులాట ఉండదు.

ఇంకో పరీక్ష కూడా ఉంది. "హీరో 100 పిక్సెళ్ల ఎత్తు ఎగరాలి, గ్రావిటీ 800 పెట్టావు, ఎంత వేగంతో ఎగరాలి?" అని అడగండి. రెండుసార్లు గ్రావిటీ, దాన్ని ఎత్తుతో గుణిస్తే లక్షా అరవై వేలు. దాని వర్గమూలం 400. ఇంటర్ మొదటి ఏడు ఫిజిక్స్‌లో పైకి విసిరిన బంతి లెక్క ఇదే. టక్కున చెప్పాడా, ఆ రాత్రులు పూర్తిగా వృథా పోలేదన్నమాట. తడబడ్డాడా, పుస్తకం తెరిచి ఆ సూత్రాన్ని వెతికి గేమ్‌లో పెట్టమనండి.

రెండింటి దాకా మేలుకోవడాన్ని మాత్రం నేను సమర్థించను. నిద్రమత్తులో రాసిన కోడ్‌ను మర్నాడు చెరపడంతోనే సరిపోతుంది. పరీక్ష అయ్యేదాకా ఆదివారం మధ్యాహ్నాలు మాత్రమే అని ఒప్పందం చేసుకోండి. అయిపోగానే ఒక గేమ్ జామ్‌లో (రెండు మూడు రోజుల్లో గేమ్ చేసి ముగించే పోటీలో) పాల్గొనొచ్చని మాటివ్వండి, దాన్ని నిలబెట్టుకోండి.

*

ప్రశ్న: అక్కా, మేమిద్దరం ఒక గేమ్ చేసి, గేములు పెట్టుకునే ఇచ్ సైట్‌లో పెట్టాం. ఎవరూ ఆడలేదు. డిస్కార్డ్ చాట్ గ్రూపులో లింకు వేస్తే ఒక్కరూ పలకలేదు. జామ్‌లో చేరాలని ఉంది గానీ మా ఇంగ్లీషు అంతంతమాత్రం. మనలాంటి ఊళ్లవాళ్లను ఆ లోకంలో ఎవరైనా పట్టించుకుంటారా?
– ఇద్దరు మిత్రులు, అరండల్‌పేట, గుంటూరు

మీరు లింకు వేసిన రోజున అదే చోట ఇంకెంతమంది లింకులు వేశారు? వాటిలో మీరు ఎన్ని ఆడారు?

కోప్పడటం లేదు. అక్కడ అందరూ చేసేవాళ్లే, ఆడేవాళ్లు తక్కువ. పెళ్లిలో అందరూ వడ్డిస్తామని నిలబడితే బంతికి కూర్చునేదెవరు? కూర్చునేవాడికే అక్కడ గిరాకీ. లుడమ్ డేర్ అని 2002 నుంచి జరుగుతున్న జామ్ ఉంది. కాంపో విభాగమైతే 48 గంటలు, ఒక్కరే, బొమ్మా పాటా అన్నీ అప్పుడే చేయాలి, సోర్స్ కూడా చూపించాలి. జామ్ విభాగమైతే 72 గంటలు, జట్టుగా చేయొచ్చు. మీకు అది నప్పుతుంది. గేమ్ పెట్టాక వారాల తరబడి ఒకరి ఆటలు ఒకరు ఆడి మార్కులు వేస్తారు. కనీసం 20 మంది మార్కులు వేస్తేనే మీ గేమ్‌కు ర్యాంకు వస్తుంది. మీరు ఇతరుల ఆటలు ఆడి అభిప్రాయం రాసేకొద్దీ మీది జనానికి ముందు కనిపిస్తుంది.

ఇక ఇంగ్లీషు. "నైస్ గేమ్ బ్రో" అని అందమైన ఇంగ్లీషులో రాసేవాళ్లు వందమంది ఉన్నారు, వాళ్లను ఎవరూ గుర్తుపెట్టుకోరు. మీరు ముక్కలు ముక్కలుగానే రాయండి: ఏ ఫోన్ లేదా ఏ కంప్యూటర్, ఎన్నో లెవెల్, ఎక్కడ ఆగిపోయారు, అప్పుడు ఏం చేయాలనుకున్నారు, ఏం జరిగింది. "మూడో లెవెల్. తలుపు తెరుచుకుంటుందనుకుని తాళం మీద నొక్కాను. తెరుచుకోలేదు. వదిలేశాను." దీన్ని ఎంత తప్పుల ఇంగ్లీషులో రాసినా చేసినవాడికి బంగారం. పరిష్కారం చెప్పొద్దు. "తలుపు నీలంగా పెట్టాల్సింది" అని మీరెందుకు చెప్పడం? మీకు ఏమైందో చెప్పండి, రంగు సంగతి అతను చూసుకుంటాడు. అలా పదిమందికి రాయండి. వాళ్లలో కొందరు మీ పేరు నొక్కి మీ గేమ్ దగ్గరకు వస్తారు. ఊరు ఎవరూ అడగరు. ఫ్లాపీ బర్డ్ చేసిన డాంగ్ నూయెన్ది హనోయ్, ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది అందరూ ఆడిన తర్వాతే.

ఇక్కడ, మన ఊళ్లో చేయాల్సింది వేరే ఉంది. మేం కొంతమందిమి అప్పుడప్పుడు ఆదివారం సాయంత్రం బ్రాడీపేటలో ఒకరి ఇంటి డాబా మీద కలుస్తాం. ఒక కాలేజీ కుర్రాడు, ఒక ఫొటో స్టూడియో ఆయన, విజయవాడ నుంచి ప్యాసింజర్ రైల్లో వచ్చే ఒక టీచరమ్మ, నేను. నియమం ఒక్కటే: గేమ్ పక్కవాళ్ల చేతికిచ్చాక చేసినవాళ్లు నోరు తెరవకూడదు. ఇది ఎంత కష్టమో మీరు ఊహించలేరు. "పైన నొక్కు" అనాలని నాలుక పీకుతుంటుంది. ఎందుకు అనకూడదంటే, గేమ్ డౌన్‌లోడ్ చేసుకున్నవాడి పక్కన మీరు ఉండరు.

డెవలపర్లు కానివాళ్లకు కూడా ఇవ్వండి. లారీలో టిక్కీలు పేర్చే పజిల్ ఒకటి చేస్తున్నాను. మా దగ్గర హమాలీ మేస్త్రి దాన్ని తీసుకుని, కింద బటన్ వైపు చూడనే లేదు. నేరుగా టిక్కీ మీద బొటనవేలు పెట్టి లాగాడు. తర్వాత "ఇట్టా నిలువుగా పేరిస్తే మొదటి బ్రేకుకే కూలిపోద్దమ్మా, అడ్డం నిలువు మార్చి కట్టాల" అన్నాడు. బటన్ పోయింది. ఆటకు కొత్త నియమం వచ్చింది, ఒక వరుస అడ్డం అయితే పై వరుస నిలువు. ఏ డిస్కార్డ్‌లో దొరుకుతుంది ఈ సలహా?

ఒక జామ్‌లో చేరండి. గ్లోబల్ గేమ్ జామ్ కూడా ఉంది, 2009 నుంచి ఏటా జనవరి చివర్లో జరుగుతుంది, మన పంట హడావుడికి ముందే. సెలెస్ట్ అనే గేమ్ మొదట ఇద్దరు నాలుగు రోజుల్లో 128 పిక్సెళ్ల చదరం తెర మీద చేసిందే, పెద్ద గేమ్‌గా వచ్చింది 2018లో. మీది అలా అవుతుందని చెప్పను. మూడు రోజుల్లో పూర్తి చేయడం మాత్రం నేర్చుకుంటారు.

*

ప్రశ్న: ఖర్చెంత? ప్లే స్టోర్ వాళ్లు పన్నెండు మంది టెస్టర్లు కావాలంటున్నారు. ఆన్‌లైన్‌లో టెస్టర్లను అమ్ముతున్నారు, కొనమంటారా?
– ప్రైవేటు ఉద్యోగి, భవానీపురం, విజయవాడ

కొనొద్దు. ఇచ్‌లో పెట్టడం ఉచితం, వచ్చినదాంట్లో వాళ్లకు ఎంత ఇవ్వాలో మీరే నిర్ణయించుకోవచ్చు. ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు, కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌లో గేమ్‌కు 100 డాలర్లు. ఆ గేమ్ అమ్మకాలు వెయ్యి డాలర్లు దాటితే ఆ వంద వెనక్కి ఇస్తారు. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ప్లే ఖాతాలకు 12 మంది, వరుసగా 14 రోజులు టెస్టర్లుగా ఉండాలి. డబ్బులకు వచ్చిన పన్నెండు మంది మీ గేమ్ తెరిచినా ఒక్క మాట చెప్పరు. పైన అరండల్‌పేట కుర్రాళ్లకు చెప్పింది మీరూ చేయండి. పది మంది ఆటలు ఆడి పెడితే ఆ పన్నెండు మంది వాళ్లే వస్తారు. మిగిలితే మీ ఆఫీసులో అడగండి.

*

ప్రశ్న: అమ్మాయీ, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. వయసు 64. అప్పట్లో ఫాక్స్‌ప్రో రాసేవాణ్ణి. డాలస్‌లో ఉన్న మనవరాలితో పులి-మేక ఆడాలని ఉంది. ఈ వయసులో గేమ్ రాయగలనా?
– విశ్రాంత ఉద్యోగి, కొత్తపేట, గుంటూరు

బాబాయిగారూ, ఈసారి వచ్చిన ప్రశ్నలన్నిటిలో మీ గేమే ముందు పూర్తవుతుంది, చూడండి. మీరు అడిగింది చిన్నది, దాని నియమాలు మీకు ముందే తెలుసు.

ఊరూరికీ గీత మారుతుంది గానీ, ఎక్కువగా కనిపించేదాంట్లో 23 చోట్లు, 3 పులులు, 15 మేకలు. చోట్లకు 0 నుంచి 22 దాకా నంబర్లు వేయండి. ఫాక్స్‌ప్రో అంటే టేబుళ్ల పనే కాబట్టి మీ చేతికి అలవాటైనదే, రెండు టేబుళ్లు రాయాలి. మొదటిది: ఏ చోటు నుంచి ఏ చోటుకు గీత ఉంది. రెండోది దూకుళ్లు: ఎక్కడి నుంచి, దేని మీదుగా, ఎక్కడికి. మూడూ ఒకే గీత మీద వరుసగా ఉండాలి. ఈ రెండో టేబుల్‌ను కాగితం మీద బోర్డు గీసుకుని, వేలు పెట్టి చూసుకుంటూ రాయండి. తప్పులన్నీ అక్కడే దొర్లుతాయి. ఇక ఆట అంటారా, 23 గళ్లలో ఖాళీ అయితే 0, మేక అయితే 1, పులి అయితే 2. పదిహేను మేకలూ దిగేదాకా మేక కదలకూడదు, పులి మాత్రం మొదటి నుంచీ దూకొచ్చు. పులులకు నడవడానికీ, దూకడానికీ ఒక్క దారి కూడా మిగలకపోతే మేకలు గెలిచినట్టు.

ఇంటర్నెట్ మీదుగా ఇద్దరు ఆడే పద్ధతి ఇప్పుడే వద్దు, అది పెద్ద తలనొప్పి. గోడాట్ నుంచి వెబ్‌కు ఎగుమతి చేసి ఇచ్‌లో పెడితే మీ మనవరాలు బ్రౌజర్‌లోనే తెరుస్తుంది. ఫోన్లో మాట్లాడుకుంటూ, ఆమె తెర మీద ఆమె మేకలు వేస్తుంది, పులులను కంప్యూటర్‌కు అప్పగించండి. దాని బుర్రకు రెండు వాక్యాలు చాలు: దూకే అవకాశం ఉంటే దూకు, లేకపోతే ఖాళీగా ఉన్న ఏదో ఒక చోటుకు నడువు. ఈపాటి పులి కూడా కొత్తవాళ్లను బాగానే ఏడిపిస్తుంది. ఎత్తు వెనక్కి తీసుకునే బటన్ ఒకటి పెట్టండి. మనవరాలి కోసం కాదు, మీరు ఆడేటప్పుడు పనికొస్తుంది.